మూడో తానం

నాకు నోరు పెద్దదని మా ఆయన అంటాడు. బళ్లో పిల్లలు నా వెనక 'బెత్తం టీచరు' అంటారని కూడా నాకు తెలుసు. రెండూ నిజమే, నేనేం కాదనను. హనుమకొండలో పదిహేనేళ్లు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించినదాన్ని. గొంతు లేకపోతే నలభై మంది పిల్లలు నన్ను నమిలి మింగుతారు. అలాంటిదాన్ని, ఎనభై రెండు ఎండాకాలంలో ఒక్క మాట ఎంత మెల్లగా అన్నానంటే పక్కన కూర్చున్న మనిషికి తప్ప ఎవరికీ వినపడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చిలుక మా చెల్లె యాకమ్మ కూతురు. యాకమ్మ నర్సు చదివి షికాగోలో ఒక దవాఖానలో పనికి కుదిరింది. తర్వాత భర్త ఎల్లస్వామినీ, మూడేళ్ల చిలుకనూ అక్కడికి పిలిపించుకుంది. ఎనభై ఒకటిలో రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్లు ఆమెను మంచం దిగొద్దన్నారు. ఎల్లస్వామికి ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు. పిల్లను చూసే మనిషి లేక, జూన్‌లో అతను చిలుకను తెచ్చి మా ఇంట్లో దింపి, వారం ఉండి వెళ్లిపోయాడు. ఆర్నెల్లు చూసుకోమన్నారు.

మాకు పిల్లల్లేరు. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఎవరైనా అడిగితే కసిరి పంపిస్తాను. కానీ ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం కుదరదు.

వచ్చిన కొత్తలో చిలుకకు తెలుగు సగమే వచ్చు. దసరా నాటికి పక్కింటి కోళ్లను మా భాషలో తిడుతోంది. నా బడిలోనే, నా తరగతిలోనే వేశాను. బడి గేటు లోపల నన్ను 'టీచర్' అనేది, గేటు బయట అడుగు పెట్టగానే 'పెద్దమ్మ' అనేది. ఒక్కరోజు కూడా పొరపాటు పడలేదు. తరగతిలో నేను తిడితే ఇంటికొచ్చి నాకే చెప్పేది, "మా టీచర్ మంచిది కాదు పెద్దమ్మా, ఊకె అరుస్తది" అని. నేను కూడా, "నీ టీచరు సంగతి నేను చూస్త తియ్" అనేదాన్ని. మా ఆయన మల్లికార్జున్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. నవ్వడానికి కూడా బద్ధకించే మనిషి ఇది విని పగలబడి నవ్వేవాడు.

డిసెంబరులో యాకమ్మకు కొడుకు పుట్టాడు. ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది.

"అక్కా, చిలుకకు ఇక్కడ ఉండనిచ్చే గ్రీన్ కార్డు ఉన్నది కదా. అది ఉన్నవాళ్లు ఏడాది దాటి బయట ఉంటే కార్డు చెల్లదట. జూన్ పదకొండుకు ఏడాది నిండుతది. ఆలోపల పిల్ల ఇక్కడ దిగాలె. దాటితే మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు పెట్టుకోవాలె, ఎన్నేండ్లు పడుతదో చెప్పలేనని లాయరు అన్నడు. టికెట్ పంపుతాన. ఎవరన్న వచ్చేటోళ్లుంటే తోడు పంపు."

తోడు దొరకడం కష్టం కాలేదు. మా బళ్లో ఉర్దూ చెప్పి రిటైరైన సుల్తానా బేగం తన బిడ్డ దగ్గరికి షికాగోకే వెళ్తోంది. జూన్ నాలుగు, శుక్రవారం పొద్దున బండెక్కి బొంబాయి పోవాలి. చిలుకను తీసుకెళ్లమంటే, "ఇది గూడ అడుగుతరా? నా మనుమరాలి లెక్క తీస్కపోత" అంది.

ఆ రోజు పెట్టె తెరిచి చిలుక కార్డు తీసి చూశాను. అరచేతిలో సగం లేదు. మూడేళ్లప్పటి ఫోటో, ఒక చెవి బయటికి కనపడేలా తల పక్కకు తిప్పించి తీశారు. ఈ అట్టముక్కకు ఏడాది నిండుతుందని నా ఇంట్లోంచి పిల్ల వెళ్లిపోవాలా అని దాన్ని తిట్టుకుంటూ మళ్లీ బట్టల కింద పెట్టాను.

* * *

మే పందొమ్మిదిన చిలుకకు జ్వరంతో ఒళ్లు కాలింది. మర్నాటికి పొట్ట మీద, వీపు మీద నీటి పొక్కులు లేచాయి.

మా ఆయన చొక్కా తొడుక్కుని, "దవాఖానకు తీస్కపోదాం, రిక్షా తెస్త" అన్నాడు.

ఎవరు చెప్పారో, అప్పటికే మా ఎదురింటి మల్లక్క వేపమండలతో గడపలో నిలబడి ఉంది. మా వాడకట్టులో ఏ ఇంట్లో తల్లి, అంటే అమ్మవారు, పోసినా ఆమే వస్తుంది. అరవై దాటినా మాట గట్టిది.

"దవాఖాననా?" అంది. "తల్లికి సూది ఏపిస్తవా అయ్యా? చెప్పులు బయట విడిచి లోపలికి రా. ఇగ ఈ ఇంట్ల పోపు వాసన రావద్దు. తల దువ్వద్దు, బట్టలు ఉతకద్దు. మూడు తానాలు అయ్యేదాక పిల్ల గడప దాటద్దు."

మా ఆయన నా వంక చూశాడు. చదువుకున్నదాన్ని కదా, నేనేమైనా అంటానని. ఆ జబ్బు గురించి బళ్లో పాఠం చెప్పేది నేనే. ఇంట్లో మాత్రం దాని పేరు ఎత్తలేదు. మా అమ్మ ఎత్తలేదు, వాళ్లమ్మ ఎత్తలేదు. నేను మల్లక్క చేతిలోంచి వేపమండలు తీసుకుని గుమ్మానికి కట్టాను.

ఆ పది రోజులు చిలుకకు రాజ్యం. ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు, తల్లీ అనాలి, కోపం చేయకూడదు. అది రెండోరోజే కనిపెట్టేసింది. జ్వరం తగ్గగానే వేపాకుల మీద పడుకుని హుకుములు మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, తల్లి కొబ్బరినీళ్లు అడుగుతాంది."

"ఇప్పుడే తాగింది కదా తల్లి?"

"మళ్ల అడుగుతాంది. పెద్దబాపును కథ చెప్పుమంటాంది."

పెద్దబాపు, అంటే మా ఆయన, డిపోనుంచి వచ్చి కాళ్లు కడుక్కుని బస్సుల కథలు చెప్పేవాడు. ఆయనకు అవే వచ్చు. ములుగు అడవిలో టైరు పేలిన బస్సు, గేరు పడని బస్సు. అది కళ్లు పెద్దవి చేసుకుని వినేది. గోక్కోకుండా నేను దాని రెండు చేతులూ పట్టుకుని కూర్చునేదాన్ని. నిజం చెప్తున్నాను, నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. పిల్ల ఒళ్లంతా పొక్కులతో ఉంటే సంతోషమేమిటే అని ఎవరైనా తిడితే పడతాను.

ఇరవై ఏడు, గురువారం మొదటి తానం. ఎండలో కాగిన నీళ్లలో పసుపూ వేపాకూ వేసి మల్లక్కే పోసింది. ముప్పై, ఆదివారం రెండోది. అప్పటికి పొక్కులు మాడి, చెక్కులు రాలుతున్నాయి. మంగళవారానికి చిలుక పెరట్లో ఉరుకుతోంది.

బుధవారం మధ్యాహ్నం సుల్తానా బేగం వచ్చింది. గుమ్మానికి వేపమండలు చూసి లోపలికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి, కొంగు తల మీదికి లాక్కుంది.

"లక్ష్మీనర్సమ్మా, ఎల్లుండి పొద్దుగాల బండి. పిల్ల ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నదక్కా. మూడో తానం ఒక్కటి ఉన్నది."

"అది కానీ. అయిపోతే నాకేం ఫికర్ లేదు, చేయి పట్టుకొని తీస్కపోత. కాకుంటే మాత్రం నా వల్ల కాదమ్మా. తల్లి ఉన్న పిల్లను గడప దాటిస్తే నా మనసు ఒప్పది. రేపు సాయంత్రం వరకు ఖబర్ చెయ్యి."

ఆ సాయంత్రం మల్లక్క వచ్చి పెరట్లో నా పక్కన కూర్చుంది. మా ఆయన ఇంకా డిపో నుంచి రాలేదు. చిలుక నా తొడ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మల్లక్క దాని నుదురు తడిమి చూసింది.

"చల్లవడ్డది. గురువారమైనా ఆదివారమైనా తల్లి రోజులే. పిల్ల ప్రయాణం ఉన్నదంటిరి కదా, రేపే తానం పోద్దాం తియ్ టీచరమ్మా."

"ఆదివారమే కానీ మల్లక్కా" అన్నాను.

ఆమె ఒక్క నిమిషం నన్ను చూసింది. "నీ ఇష్టం బిడ్డా" అని మోకాళ్ల మీద చేతులానించి లేచి వెళ్లిపోయింది.

మా ఆయన వచ్చాక తానం ఆదివారం అని చెప్పాను. ఎవరన్నారో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. తెల్లారి సుల్తానా బేగంకు కబురు చేశాడు. షికాగోకు తంతి కొట్టాడు. శుక్రవారం బండి వెళ్లిపోయింది. ఆదివారం తానం అయింది. పదకొండులోపల షికాగో వెళ్లే తోడు ఇంకెవరూ దొరకలేదు. పోచమ్మకు పెరుగన్నం తీసుకెళ్లాం. గుమ్మానికి ఎండిన వేపమండలు నేనే తీసి పారేశాను.

* * *

జూన్ పదకొండు మామూలుగానే తెల్లారింది. నేను పప్పుకు పోపు పెట్టాను. పద్నాలుగున బడి తెరిచారు. రెండో తరగతి హాజరు పట్టీలో చిలుక పేరు నా చేత్తోనే రాశాను, గుండ్రంగా.

ఆ వారమే సుబేదారిలో మాకు తెలిసిన వకీలు గారింటికి ఫోను వచ్చిందని మనిషి వచ్చి చెప్పాడు. పొద్దున ఏడు గంటలు. జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తాను. ఎంత అరిచినా సగం మాటలు వినపడని ఫోను.

"అక్కా, పిల్ల మంచిగున్నదా? మచ్చలు పడ్డయా?"

"ముక్కు మీద ఒకటి. అంతే."

"గోకనియ్యలేదా నువ్వు?"

"చేతులు పట్టుకొని కూసున్న."

అటువైపు యాకమ్మ ఏడ్చింది. తిట్టు, తిట్టవే, అని నేను లోపల అనుకుంటున్నాను. తిట్టలేదు.

"నీ చేతుల ఏమున్నదక్కా. తల్లి వస్తే ఎవరాపుతరు" అంది. "లాయరు ఒక తొవ్వ చెప్పిండు. మద్రాసులో అమెరికా కాన్సులేటు ఉన్నది కదా. ఏడాది దాటినోళ్లకు అక్కడ ఒక వీసా ఇస్తరట. పిల్ల ఉండిపోదామని రాలేదు, మళ్లీ వచ్చేటందుకే వచ్చింది, ఆగుడు మా చేతుల లేదు అని రుజువు చెయ్యాలె. డాక్టరు సర్టిఫికెట్ తీస్కొని పో. ఏ డాక్టరుకు చూపిచ్చినవ్?"

"ఏ డాక్టరుకు చూపిస్తమే" అన్నాను.

యాకమ్మ నర్సే కానీ మా అమ్మ కూతురు కూడా. ఇంకా ఏమీ అడగలేదు. "ఏదో ఒకటి చెయ్యక్కా. తమ్మున్ని దానికి చూపియ్యనే లేదు" అంది. లైను కట్టయింది.

* * *

వకీలు గారే ఉపాయం చెప్పారు. డాక్టరు లేకపోతే, చూసినవాళ్లతో అఫిడవిట్ రాయించమన్నారు. కోర్టు ముందర రేకుల కింద టైపు మిషన్ పెట్టుకుని కట్టయ్య అనే ఆయన కూర్చుంటాడు. మల్లక్కను రిక్షాలో తీసుకెళ్లాం. ఆమె కొత్త రైక తొడుక్కుని, కోర్టు అంటే భయంతో నా చెయ్యి వదలకుండా వచ్చింది.

కట్టయ్య కాగితం ఎక్కించి టకటకా కొట్టి, మాకు తెలుగులో చదివి చెప్పాడు. "మే పందొమ్మిది నుండి జూన్ ఆరు వరకు చిలుకమ్మ అను బాలిక ఆటలమ్మతో బాధపడుచుండగా నేను దగ్గరుండి చూసితిని. మూడవ స్నానము జూన్ ఆరుకు ముందు చేయించుటకు మా ఆచారము ఒప్పుకొనదు." వేలిముద్ర వేయమని సిరా డబ్బా ముందుకు జరిపాడు.

మల్లక్క వేలు చాపలేదు.

"ఆఖరిది మళ్ల చదువు అయ్యా."

మళ్లీ చదివాడు.

"ఒప్పుకోదని ఎవరన్నరు? గురువారమే పోద్దామని నేనన్న. ఆదివారం అన్నది టీచరమ్మ. తల్లి పేరు మీద అబద్ధానికి నేను ఏలు పెట్ట."

కట్టయ్య మిషను మీద నుంచి చేతులు తీసేశాడు. మా ఆయన నా వైపు తిరిగాడు. నా నోరు, ఇంత పెద్ద నోరు, పెగల్లేదు. మల్లక్కకు నా మీద కోపం కూడా లేదు. నన్ను చూసి, "ఏమనుకోకు బిడ్డా" అని తనే అంది.

మల్లక్కను రిక్షా ఎక్కించి, మేం ఇంటికి నడిచే వచ్చాం. మా ఆయన సైకిలు తోసుకుంటూ ముందు, నేను వెనక. తలుపు తీశాక ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. బయట చిలుక పిల్లలతో ఆడుతోంది.

"ఎందుకన్నవ్?" అన్నాడు.

"ఎందుకో నీకు తెల్వదా?"

నూనె మరకల చేతులు చూసుకున్నాడు. "నన్ను అడిగితే నేను గూడ ఆదివారమే అందును నర్సమ్మా" అన్నాడు. తర్వాత, "కానీ అడగవలసింది యాకమ్మను" అన్నాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, చిలుకకు వినపడకుండా.

రెండ్రోజులకు ఆయన ఒక కాగితం తెచ్చాడు. ఏదో ఊళ్లో ఎవరో డాక్టరు, పేరు అడిగితే చెప్పలేదు. మే పందొమ్మిది నుంచి జూన్ పద్నాలుగు వరకు తను వైద్యం చేశాననీ, ప్రయాణం చేయరాదని తనే చెప్పాననీ రాసి ముద్ర కొట్టి ఉంది. జీవితంలో డిపో నుంచి ఒక నట్టు కూడా ఇంటికి తేని మనిషి. నా కోసం దొంగ కాగితం తెచ్చాడు. కాగితం నా చేతిలో పెట్టి, "పిల్లకు గూడ చెప్పు. అక్కడ అడిగితే వేరే మాట రావద్దు" అని డిపోకు వెళ్లిపోయాడు.

* * *

జులైలో మద్రాసు వెళ్లాం, నేనూ చిలుకా. ఆయనకు సెలవు దొరకలేదు. బండిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి చిలుకకు చెప్పాను. డాక్టరు వచ్చాడు, సూది వేశాడు, తెల్ల గోలీలు ఇచ్చాడు, ఎక్కడికీ పోవద్దన్నాడు.

"ఎప్పుడొచ్చిండు?" అంది.

"నీకు జ్వరం ఉండె. నీకు యాదికి లేదు."

"సూది నొప్పి పెట్టిందా?"

"పెట్టింది."

అది ఎక్కం అప్పజెప్పినట్టు రాగం తీసింది. "డాక్టర్ వచ్చిండు. సూది ఏసిండు. తెల్ల గోలీలు ఇచ్చిండు. యాడికి పోవద్దన్నడు." ఒక్క తప్పు లేదు. ఒంగోలు దాటేదాకా అదే పాట. చివరికి ఎదురు సీటులో ముసలాయన కూడా నేర్చుకున్నాడు. పిల్ల నిజంగానే సూది వేసిన చోటు భుజం మీద వెతుక్కుంటోంది. నా బళ్లో అబద్ధం చెప్పిన పిల్లల్ని నేను గోడకుర్చీ వేయించేదాన్ని.

కాన్సులేటులో మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. లోపల ఒక దొర, యాభై ఏళ్లుంటాయి. తెలుగు తెలిసిన గుమస్తా ఒకాయన పక్కన నిలబడి చెప్పాడు. కోస్తా వైపు మాట. చిలుక కార్డు, పాసుపోర్టు, వాడని టికెట్టు, యాకమ్మ ఉత్తరాలు అన్నీ బల్ల మీద పెట్టాను. డాక్టరు కాగితం సంచిలోనే ఉంది, దాని మీద నా చెయ్యి ఉంది.

దొర కాగితాలన్నీ తిప్పి చూసి చిలుకతో నవ్వాడు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు. చిలుక ఏడాది తర్వాత వింటోంది, అర్థమైంది కానీ జవాబుకు మాట దొరకలేదు.

గుమస్తా వంగి, "పాపా, నువ్వు మీ అమ్మ దగ్గరికి ఎందుకు వెళ్లలేదో సార్ అడుగుతున్నారు" అన్నాడు.

చిలుక చేతులు కట్టుకుంది. బళ్లో నేను నేర్పినట్టు నిటారుగా నిలబడింది. నా వైపు ఒకసారి చూసి మొదలుపెట్టింది. "డాక్టర్ వచ్చిండు. సూది ఏసిండు..."

"వద్దు బిడ్డా" అన్నాను.

అది ఆగిపోయింది. ఏ తప్పు చేశానా అని నా మొహంలోకి చూసింది.

"డాక్టరు రాలేదు" అని గుమస్తాతో చెప్పాను. "మా దిక్కు ఈ జబ్బుకు డాక్టరును పిలవం. మూడు తానాలు పోస్తం. మూడోది గురువారం అయ్యేది. అయితే శుక్రవారం పిల్ల పోయేది. ఆదివారం పెట్టిచ్చింది నేను."

"ఎందుకమ్మా?"

"పిల్ల పోతదని."

గుమస్తా ఇంగ్లీషులో చెప్పాడు. నాకు సగం అర్థమైంది. దొర పెన్ను కింద పెట్టి నన్ను చూశాడు. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. వాళ్లు పిల్లను ఇక్కడే ఉంచెయ్యమని ఎప్పుడైనా అన్నారా అని అడిగాడు. ఒక్కసారి కూడా అనలేదు, టికెట్టు చూడండి, ఉత్తరాలు చూడండి, ప్రతి ఉత్తరంలో ఎప్పుడు పంపుతవని అడిగింది అన్నాను. అయితే ఆపింది మీరొక్కరేనా అన్నాడు. నేనొక్కదాన్నే అన్నాను. మా ఆయన పేరు రానివ్వలేదు.

దొర గుమస్తాతో చాలాసేపు మాట్లాడాడు. గుమస్తా నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"చూడండమ్మా, ఆగిపోవడం పాప చేతుల్లో గానీ వాళ్ల అమ్మానాన్నల చేతుల్లో గానీ లేదని మాకు రుజువు కావాలి. ఇప్పుడు మీరు చెప్పినదే రుజువు. ఇది మీ చేత్తో రాసి సంతకం పెడితే సార్ పాప కేసు ఒప్పుకుంటారు. కానీ ఒక మాట. ఇది నిజమా కాదా అని అమెరికాలో వాళ్లమ్మానాన్నల్ని అడుగుతాం. మీరు రాసింది వాళ్లకు పంపుతాం. ఆలోచించుకోండి."

"కాయితం ఇవ్వండ్రి" అన్నాను.

ఆలోచిస్తే రాయలేనని నాకు తెలుసు. బల్ల చివర నిలబడి తెలుగులోనే రాశాను. లక్ష్మీనర్సమ్మ అను నేను, నా చెల్లెలి బిడ్డను, దాని తల్లిదండ్రులు పంపమన్నా, పంపగలిగి ఉండీ, నా స్వార్థం కొద్దీ ఆపుకున్నాను. ఎక్కడా కొట్టివేత లేకుండా రాశాను. యాకమ్మ చదివేటప్పుడు తడబడకూడదని అక్షరాలు విడివిడిగా పెట్టాను. సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చేశాను. డాక్టరు కాగితం తర్వాత ఎక్కడ చించి పారేశానో కూడా గుర్తులేదు.

బయటికొచ్చి రోడ్డు దాటడానికి నిలబడ్డాం. బస్సుల మీద బస్సులు. చిలుక నా కొంగు లాగింది.

"పెద్దమ్మా, నన్ను దాచుకున్నవా?"

లోపల మాట్లాడిందంతా విన్నది కదా, ఆరేళ్ల పిల్ల.

"దాచుకున్న బిడ్డా."

"అమ్మకు చెప్పకుంటనా?"

"చెప్పకుంటనే."

తిడుతుందనుకున్నాను. అది నా చేతి గాజులు ఒకటొకటే తిప్పింది.

"అయితే ఇంకోసారి దాచుకో" అంది.

మద్రాసు నడిరోడ్డు మీద, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా కూలబడి దాన్ని పట్టుకున్నాను. జనం మా చుట్టూ తిరిగి పోయారు.

* * *

వీసా ఇచ్చారు. ఆగస్టులో ఎల్లస్వామి వచ్చాడు. మూడు రోజులున్నాడు. నేను పెట్టింది తిన్నాడు, 'వదినా' అనే పిలిచాడు, గొంతు పెంచలేదు. కానీ ఆ మూడు రోజులూ చిలుకను పక్కనుంచి కదలనివ్వలేదు. కాజీపేట స్టేషన్‌లో బండి కదిలేటప్పుడు అది కిటికీలోంచి చెయ్యి చాచింది. ఎల్లస్వామి చెయ్యి లోపలికి తీసి కిటికీ దించాడు. చెయ్యి నలుగుతుందని భయపడి ఉంటాడు, తండ్రి కదా.

యాకమ్మ పెళ్లయిన నాటి నుంచి ఉత్తరాలన్నీ నా పేరునే రాసేది. 'అక్కకు' అని మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపేది. ఆ సంవత్సరం దీపావళి దాటాక ఒకటి వచ్చింది. కవరు మీద మా ఆయన పేరు ఉంది.

ఆయన డిపో నుంచి వచ్చేదాకా తెరవలేదు. నాది కాని ఉత్తరం నేనెట్లా తెరుస్తాను? వచ్చాక చెయ్యి కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని విప్పాడు. ఒకటే కాగితం. పైన 'బావకు' అని రాసి ఉండటం ఇవతల నుంచే కనపడింది.

"ఏమని రాసింది?"

"పిల్ల మంచిగున్నదట. బడికి పోతాందట. తమ్మున్ని ఎత్తుకుంటాందట."

"ఇంకా?"

కాగితం తిప్పి చూశాడు. మళ్లీ ఇటు తిప్పాడు.

"గంతే."

"నన్నేమన్న అడిగిందా?"

మా ఆయనకు అబద్ధం ఆడటం రాదు. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు.

నేను పీట జరుపుకుని దగ్గరగా కూర్చున్నాను.

"పిల్ల సంగతి జర మళ్ల చదువు" అన్నాను.